గ్లాసెడు నీళ్ళ రైలు: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో మా మేడ మీద నడిచే ఆవిరి రైలు గురించి రాశాను. కరెంటూ బ్యాటరీ లేకుండా, లోపల నిజంగా నిప్పు మండి, నీళ్ళు మరిగి, ఆవిరి పిస్టన్‌ని తోస్తే కదిలే ఇంజన్ అది. రెండు పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. ఇంజన్ పొడవు జానెడున్నర. కడుపులో రాగి బాయిలర్, ఆ బాయిలర్ మధ్యలోంచి పోయే గొట్టంలో గ్యాస్ మంట. విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లు బాయిలర్ హౌస్‌లో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి కదా, ఈ బొమ్మ నాకో లెక్కా అనుకున్నాను. ఆ అనుకోవడానికి మూల్యం వేళ్ళ మీద ఇంకా మచ్చలుగా ఉంది. వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

మా జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలర్ పొద్దున్న వెలిగిస్తే సాయంత్రం దాకా స్టీమ్ ఇస్తుంది. మీ ఇంజన్ పావుగంటకే ఆగిపోతుందని రాశారు. చిన్నది తేలిగ్గా నడవాలి కదా మాస్టారూ?
— ఒక బాయిలర్ ఆపరేటర్, పలాస

గంగాళం నిండా వేడినీళ్ళు, పక్కన గ్లాసులో టీ పెట్టి పది నిమిషాలాగి చూడండి. టీ చల్లారిపోతుంది, గంగాళం ఇంకా పొగలు కక్కుతుంటుంది. మా ఇంజన్ కష్టమంతా ఆ గ్లాసు కష్టమే.

లెక్క చూడండి. అసలు ఇంజన్‌లో 17వ వంతు చేశామనుకుందాం. వేడి బయటికి పోయే ఒళ్ళు 17 ఇంటూ 17, అంటే 289 రెట్లు తగ్గుతుంది. లోపల పట్టే నీళ్ళు మాత్రం 17 ఇంటూ 17 ఇంటూ 17, అంటే 4,913 రెట్లు తగ్గుతాయి. అంటే ఉన్న నీళ్ళతో పోలిస్తే చల్లారే ఒళ్ళు 17 రెట్లు ఎక్కువ. నా బాయిలర్‌లో పట్టేది 180 మిల్లీలీటర్లు. మీ గేజ్ గ్లాసులో, అంటే బాయిలర్ నీటిమట్టం చూపే గాజు గొట్టంలో, నీళ్ళు అంగుళం దిగితే ఫీడ్ పంపు వేయడానికి మీకు టైముంటుంది. నాకు జేబులోంచి ఫోన్ తీసి ఎవరో చూసేంత టైము కూడా ఉండదు.

ఇక బయలుదేరేటప్పటి సంగతి. స్టీమ్ లైను చల్లగా ఉన్నప్పుడు వాల్వు ఒక్కసారి తెరిస్తే గొట్టాలు టంగుటంగుమని కొట్టుకోవడం మీరు విన్నదే. ఇక్కడా అంతే. పిస్టన్ ఆడే చల్లటి సిలిండర్లోకి వెళ్ళిన మొదటి ఆవిరి కాస్తా నీళ్ళైపోతుంది. ఆవిరి అయితే అణుగుతుంది, నీళ్ళు అణగవు, పిస్టన్ కదలక ఇరుక్కుపోతుంది. పెద్ద ఇంజన్లకి ఆ నీళ్ళు వదలడానికి డ్రెయిన్ కాక్ లనే చిన్న కుళాయిలుంటాయి. చిన్నవాటిలో చాలావాటికి ఉండవు. ముందుకీ వెనక్కీ దిశ మార్చే మీట, రివర్సర్, అటూ ఇటూ మారుస్తూ, ఇంజన్‌ని చేత్తో జానెడు ముందుకి, జానెడు వెనక్కి తోస్తుండాలి. చిమ్నీలోంచి మరిగే నీళ్ళు ఉమ్మేస్తుంది. మొహం పక్కకి పెట్టండి. నాలుగైదు సార్లు తోసేసరికి సిలిండర్లు వేడెక్కి, ఉన్నట్టుండి చేతిలోంచి లాక్కుని పోతుంది. ఆ ఒక్క క్షణం కోసమే నేను పొద్దున్నే మేడెక్కేది.

బాయిలర్‌కి కోటు తొడగడం మర్చిపోకండి. సన్న చెక్కపట్టీలు గానీ సెరామిక్ పేపరు గానీ చుట్టి, పైన ఇత్తడి రేకు బిగిస్తే ఆవిరి తేడా మీకే తెలుస్తుంది.

మా పన్నెండేళ్ళ అబ్బాయి మీ వ్యాసం చదివి అలాంటి ఇంజన్ కావాలని కూర్చున్నాడు. మావారేమో "కుక్కర్ లాంటిదేలే" అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉందండీ.
— ఒక గృహిణి, రాజాం

మీవారు చెప్పింది సగమే నిజమమ్మా. ఇంట్లో కుక్కర్ చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో ఒత్తిడి మీద, 120 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. నా ఇంజన్ సేఫ్టీ వాల్వు లేచేది చదరపు అంగుళానికి 40 పౌండ్లకి, అంటే చదరపు సెంటీమీటరుకి 2.8 కిలోలకి. లోపల ఆవిరి 140 డిగ్రీలు. ఒత్తిడిలో కుక్కర్‌కి దాదాపు మూడు రెట్లన్నమాట. అయితే కుక్కర్లో ఉన్నన్ని నీళ్ళు ఇందులో ఉండవు.

నేను చూసినంతలో ప్రమాదం పేలడంతో రాదు, తొందరతో వస్తుంది. ఆట అయ్యాక నీళ్ళ మూత విప్పడానికి తొందరపడితే చెయ్యి కాలుతుంది. ఒత్తిడి చూపే గేజ్ ముల్లు సున్నాకి వచ్చాక కూడా సేఫ్టీ వాల్వుని చిన్న పట్టకారుతో లేపి, బుస్సుమనలేదని చూశాకే మూత ముట్టుకోవాలి.

కొనేటప్పుడు బాయిలర్ టెస్టు కాగితం అడగండి. కొత్త బాయిలర్‌ని చన్నీళ్ళతో నింపి, పనిచేసే ఒత్తిడికి రెట్టింపు ఎక్కించి చూస్తారు. 40 పౌండ్లదైతే 80. తర్వాత టెస్టుల్లో ఒకటిన్నర రెట్లు చాలు. గాలితోనో ఆవిరితోనో ఈ టెస్టు ఎవరూ చేయకూడదు. చన్నీళ్ళైతే అతుకు విడిపోయినా బొట్లు కారి ఊరుకుంటుంది. మన దేశంలో బాయిలర్ చట్టం 25 లీటర్ల లోపు వాటిని పట్టించుకోదు కాబట్టి ఏ ఇన్‌స్పెక్టరూ మీ మేడెక్కడు. మా మిల్లుకి ఏటా వచ్చేవారు. ఆయన వస్తున్నారంటే వారం ముందు నుంచి మాకు నిద్ర ఉండేది కాదు. ఇప్పుడు నాకు నేనే ఇన్‌స్పెక్టర్ని, ఆ భయం నేనే పెట్టుకోవాలి.

అబ్బాయికి ఇప్పుడే నిప్పు అప్పగించకండి. ఆవిరి వదిలే మీట, అంటే రెగ్యులేటరూ, కూతా అతని చేతికివ్వండి. గ్యాస్ నింపడం, వెలిగించడం పెద్దవాళ్ళు చెయ్యాలి. ఓ రెండు మూడేళ్ళు పోనివ్వండి.

"నీళ్ళ కంటే ముందు గ్యాసే అయిపోవాలి" అని రాసి వదిలేశారు. ఎందుకో చెప్పలేదు.
— ఒక లెక్చరర్, ఆమదాలవలస

వదిలేసింది సిగ్గుతోనండి. అడిగారు కాబట్టి చెప్తాను.

నా మొదటి ఇంజన్ సెకండ్ హ్యాండ్‌ది, స్పిరిట్ దీపంతో నడిచేది. దాని బాయిలర్ అతుకులు సీసం-తగరం మాటుతో వేసినవి. ఒకరోజు అది చక్కగా తిరుగుతుండగా కింద గేటు దగ్గర ఎవరో పిలిచారు. దిగి, మాట్లాడి, మళ్ళీ ఎక్కేసరికి కాలిన రంగు వాసన. బాయిలర్ అడుగు అతుకు కారిపోయి పట్టాల మీద వెండి చుక్కల్లా గడ్డకట్టి ఉంది. మిల్లులో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ "గేజ్ గ్లాసు చూడకుండా టీకి వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతా" అని ముప్ఫై ఏళ్ళు చెప్పినవాణ్ణి నేనే.

ఆ మాటు 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నీళ్ళు తగులుతున్నంతసేపూ రాగి కూడా ఆవిరి వేడికి, 140కి అటూ ఇటూగా ఉంటుంది, ఎందుకంటే వచ్చిన వేడినల్లా నీళ్ళు తాగేస్తుంటాయి. నీళ్ళు దిగిపోయిన చోట ఆ వేడిని తాగే దిక్కు లేదు. నిమిషంలో రాగి ఎక్కడికో వెళ్ళిపోతుంది. వెండి కలిసిన రాడ్డుని కరిగించి అతికిన, అంటే బ్రేజింగ్ చేసిన, అతుకులు 600 డిగ్రీలు దాటితేగాని కరగవు కాబట్టి మంచి బాయిలర్లు అలాగే చేస్తారు. అలాంటి బాయిలర్‌ని కూడా ఎండగడితే రాగి మెత్తబడి బలం పోతుంది.

అందుకే గ్యాస్ ట్యాంకుని చిన్నదిగా చేస్తారు. మంట దానంతటది ఆరిపోయేసరికి బాయిలర్లో ఇంకా నీళ్ళుండాలి. నా పద్ధతి ఇది: ముందు పూర్తిగా నింపి, సిరంజితో 30 మిల్లీలీటర్లు వెనక్కి లాగేస్తాను. ఆ ఖాళీ ఆవిరికి. లేకపోతే ఆవిరితో పాటు నీళ్ళు కూడా సిలిండర్లోకి పోతాయి. మిగిలిన 150తో 14 నిమిషాలు నడుస్తుంది. మంట ఆరాక, చల్లారనిచ్చి, మిగిలిన నీళ్ళు వంచి కొలుస్తాను. 40కి తగ్గితే ఆ రోజు ఎక్కడో తేడా ఉన్నట్టే. ఇదంతా మా మనవడి పాత రఫ్ నోట్సులో తారీఖులతో రాసి ఉంటుంది. నీళ్ళు నింపకుండా రెండోసారి గ్యాస్ నింపడమన్నది మా మేడ మీద నిషేధం.

నీళ్ళ మాటెలాగూ వచ్చింది. మా బోరు నీళ్ళతో కుక్కర్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అదే పెచ్చు ఈ బాయిలర్లో కడితే గీకడానికి చెయ్యి పట్టదు. డిస్టిల్డ్ వాటర్ వాడండి. నేనైతే వానాకాలంలో మొదటి రెండు వానలూ వదిలేసి, ఆ తర్వాత వాన నీళ్ళు పట్టి, బట్టలో వడగట్టి డబ్బాల్లో దాస్తాను. ఏ నీళ్ళైనా సరే, ఆట అయ్యాక బాయిలర్లో ఉంచను.

మాది సారవకోట మండలం. బుడితి మాకు పక్కనే. బాయిలర్ కూడా అక్కడి ఇత్తడి పనివాళ్ళ చేత చేయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు

బాయిలర్ మాత్రం వద్దండి. మిగతా సింగారమంతా వాళ్ళ చేతే చేయించుకోండి.

ఇత్తడి అంటే రాగీ జింకూ కలిసినది. వేడినీళ్ళు ఏళ్ళ తరబడి తగిలితే అందులోంచి జింకు మెల్లగా కరిగిపోయి, గుల్లబారిన రాగి మిగులుతుంది. పైకి చూస్తే ఇత్తడి అలాగే ఉంటుంది, రంగు కొంచెం ఎర్రబడుతుంది, అంతే. బలం మాత్రం ఉండదు. పైగా పోత పోసిన లోహంలో కంటికి కనపడని సూదిబెజ్జాలుంటాయి. చెంబుకైతే ఫరవాలేదు, 40 పౌండ్ల ఆవిరికి కుదరదు. బాయిలర్‌కి అతుకు లేకుండా లాగిన రాగి గొట్టమే కావాలి. దాని మూతలు బ్రేజింగ్ చేయడం ఏసీ మెకానిక్ వల్ల అవుతుందా అని చాలామంది అడిగారు. సన్న గొట్టాలు అతికించడంలో అతని చెయ్యి మంచిదే. కానీ ఇక్కడ రాగి మొత్తం ఒకేసారి ఎర్రగా కాలాలి. ఒక చోట టార్చి పెడితే రాగి ఆ వేడిని రెండో కొసకి లాక్కుపోతుంది. తెలిసినవాళ్ళు చేసిన బాయిలరే కొనుక్కోండి.

మా ఇంజన్ మీద మెరిసే డోము, అంటే బాయిలర్ పైన గుమ్మటం, బుడితిదే. బొమ్మ గీసి తీసుకెళ్తే అక్కడి పనివాడు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ గుడి కలశమండీ బాబూ, ఇంత బుల్లిది?" అన్నాడు. రైలుకని చెప్తే కాసేపు నవ్వి, పెద్ద బిందెకి అడిగినంత అడిగాడు. అదేమిటంటే, "చిన్నదానికి చూపు ఎక్కువ పోద్దండి" అన్నాడు. బేరమాడలేదు. ఆ మాట నిజమని నాకు అప్పటికే తెలుసు.

మా ఊళ్ళో సముద్రపు గాలికి బర్నర్ ఆరిపోతోంది. ఎండాకాలంలో అయితే ఊళ పెడుతోంది. జెట్ మార్చమంటారా?
— కళింగపట్నం నుంచి

ఇప్పుడే జెట్ జోలికి, అంటే గ్యాస్ చిమ్మే ఆ సన్న బెజ్జం జోలికి, పోకండి. ఈ ఇంజన్లు చాలావరకు ఇంగ్లండ్ లాంటి చలిదేశాల్లో అక్కడి వాతావరణానికి తయారైనవి. అక్కడి వాళ్ళ కష్టం గ్యాస్ చల్లబడి ఒత్తిడి చాలకపోవడం. మనది సరిగ్గా తిరగేసిన కష్టం. బ్యూటేన్ 20 డిగ్రీల దగ్గర ఒక కిలో పైచిలుకు ఒత్తిడితో వస్తుంది. 40 డిగ్రీల ఎండలో అదే గ్యాస్ రెండున్నర కిలోలు దాటుతుంది. ట్యాంకు అదే, జెట్ అదే, గ్యాస్ మాత్రం ఎగదన్నుకొస్తుంది. దానికి సరిపడా గాలి అందక, మంట నిలవక ఊళ పెడుతుంది. గ్యాస్ వాల్వుని తిప్పడం కాదు, తిప్పామా లేదా అన్నంత మాత్రమే కదపండి. ప్రొపేన్ కలిసిన క్యాన్లలో ఒత్తిడి ఇంకా ఎక్కువ, ఎండల్లో వాటి జోలికి వెళ్ళొద్దు. వీలైతే పొద్దున్న ఆరింటికే నడిపేసుకోండి, సముద్రపు గాలి కూడా అప్పటికి ఇంకా లేవదు. గాలి ఉంటే పిట్టగోడ చాటున వెలిగించి, ఒత్తిడి ఎక్కాకే బయటికి తీయండి.

గ్యాస్ నింపడంలో కూడా ఒక కిటుకుంది. క్యాను కంటే ఇంజన్ ట్యాంకు చల్లగా ఉంటేనే ద్రవం దిగుతుంది. ఒక ఆట ఆడిన ఇంజన్ ట్యాంకు వేడిగా ఉండి సగమే నిండుతుంది. మనం నిండిందనుకుంటాం, ఏడో నిమిషానికి ఆగిపోతుంది. తడిబట్ట కప్పి పావుగంట ఆగండి. నింపేటప్పుడు కొంత బుస్సుమని బయటికి పోతుంది. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, పిట్టగోడ మూలల్లో నిలుస్తుంది. నింపిన చోట అగ్గిపుల్ల గీయొద్దు, పది అడుగులు పక్కకి వెళ్ళండి.

జెట్ మూసుకుపోతే పిన్నీసుతో పొడవకండి, రంధ్రం పెద్దదైపోతుంది. ఊడదీసి, వెనకనుంచి గాలి కొట్టండి. ఉప్పుగాలికి ఇరుసులు తుప్పు పట్టకుండా ఆట అవగానే నూనెగుడ్డతో తుడవడం మీకు నేను చెప్పాలా?

నా ఇంజన్ మేడ మీద ఒకవైపు పరుగెడుతుంది, రెండోవైపు మొరాయిస్తుంది. పార్టు ఏదైనా పోయిందా?
— బొబ్బిలి నుంచి

ఇంజన్ బాగానే ఉంది. వాన నీళ్ళు పోవడానికి మేస్త్రీ మేడకి వాలు పెట్టాడు. మీటరుకి ఒక సెంటీమీటరు వాలున్నా నాలుగు మీటర్లకి నాలుగు సెంటీమీటర్లు. మనిషికి ఆ వాలు తెలియదు. రెండున్నర కిలోల ఇంజన్‌కి అది ఘాట్ రోడ్డు. తాపీవాళ్ళు వాడే నీళ్ళ గొట్టంతో లెవెల్ పట్టి, పట్టాల కింద చెక్కముక్కలు పేర్చండి. నాకు మూడు ఆదివారాలు పట్టింది.

అది చెయ్యకముందు ఏం జరిగిందో చెప్తాను. నేను పైన చెప్పిన ఆ స్పిరిట్ ఇంజనే వాలులో వేగమందుకుని మలుపులో పడిపోయింది. స్పిరిట్ ఒలికింది. మిట్టమధ్యాహ్నం ఎండలో స్పిరిట్ మంట కంటికి కనపడదు. ఏమీ కాలేదనుకుని ఇంజన్ తీసి నిలబెడుతున్నాను, పక్కన మా ఆవిడ గుమ్మడి వడియాలు పెట్టిన పాత చీర అంచు దానంతటది నల్లబడి ముడుచుకుపోతోంది. తడిగోనె వేసి ఆర్పాను. సగం వడియాలు దక్కాయి. ఆ తర్వాతే గ్యాస్ ఇంజన్‌కి మారాను. మారాను అనడం కంటే మార్చబడ్డాను అనాలేమో. ఇప్పుడు వడియాల రోజున మేడ మీద రైలు బంద్.

ఇంజన్ నడుస్తున్నంతసేపూ చిమ్నీలోంచి నూనె జిడ్డు చిమ్మి చొక్కాలు పాడవుతున్నాయి. కుట్టుమిషన్ నూనె వాడుతున్నాను.
— గజపతినగరం నుంచి

జిడ్డు పడితే మంచిదే, నూనె సిలిండర్‌కి అందుతోందన్నమాట. పడకపోతే భయపడండి. కానీ కుట్టుమిషన్ నూనె ఆ వేడికీ తడికీ నిలవదు. బెల్లం పాకంలా చిక్కగా ఉండే స్టీమ్ సిలిండర్ ఆయిల్, 460 గ్రేడుది, అడిగి తెచ్చుకోండి. ఇంజన్ మీది నూనె డబ్బీలోకి వచ్చిన ఆవిరి నీరై అడుగుకి దిగి, నూనెని పైకి నెట్టి, సన్న బెజ్జంలోంచి కొంచెం కొంచెంగా ఆవిరిలో కలుపుతుంది. ఆట అయ్యాక అడుగున మిగిలిన నీళ్ళు సిరంజితో తీసెయ్యాలి. చొక్కా సంగతంటారా, పాతది వేసుకోండి.

ఇన్ని తిప్పలెందుకండీ, కరెంటు రైలు కొనుక్కోవచ్చుగా?
— చీపురుపల్లి నుంచి

కొనుక్కోండి. కరెంటు తోనే ఆవిరి చేసే రైలు కూడా ఉంది. 2003లో హార్న్‌బీ కంపెనీ అరచేతిలో పట్టే ఇంజన్ ఒకటి తెచ్చింది. అది పట్టాల్లోంచి కరెంటు తీసుకుని లోపల నీళ్ళు మరిగిస్తుంది. నేనైతే ముప్ఫై ఏళ్ళు మంట చూసినవాణ్ణి, నాకు మంట కావాలి.

తాతగారూ, నేను తొమ్మిదో తరగతి. నౌపడ-గుణుపురం చిన్న రైలింజన్ మోడల్ చేయాలని ఉంది. ఏ సైజులో చేయాలి? కూత మాత్రం నిజం రైలులా రావాలి.
— టెక్కలి నుంచి ఒక విద్యార్థి

బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ లైను 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలైంది. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో చిన్న రైలు ఆగిపోయింది, 2011లో పెద్ద లైను వచ్చింది. చిన్నప్పుడు మా అమ్మతో ఆ బండిలో పాతపట్నం వెళ్ళేవాళ్ళం, మా మావయ్య వాళ్ళింటికి. కిటికీలోంచి తల బయటపెట్టొద్దంటే వినేవాణ్ణి కాదు. కంట్లో బొగ్గునలుసు పడేది. అమ్మ కొంగు కొస నోట్లో తడిపి, ఊది, ఆ నలుసు తీసేది. ఆ బొగ్గు వాసన నా గ్యాస్ ఇంజన్‌లో రాదు, అదొక్కటే లోటు.

సైజు లెక్క నువ్వే వేసుకోగలవు. ఆ లైను పట్టాల మధ్య రెండడుగుల ఆరంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. దొరికే పట్టాలు 45వి, 32వి. 762ని 45తో భాగిస్తే సుమారు 17, 32తో భాగిస్తే సుమారు 24. 17వ వంతు తీసుకుంటే ఐదున్నర అడుగుల డ్రైవరు పది సెంటీమీటర్ల బొమ్మ అవుతాడు. బొమ్మ నిలబెట్టి చూసుకుంటూ చేస్తే కొలతలు తప్పవు. ముందు పెట్టెలు చెయ్యి, అట్టతో చేసినా చాలు. ఆ తర్వాత ప్లాస్టిక్ పైపుతో ఇంజన్ ఆకారం. నిప్పూ నీళ్ళూ ఇంకా చాలా దూరం.

కూత దగ్గర మాత్రం మోసం ఉంది. పిల్లనగ్రోవి చూశావుగా, గొట్టం సగమైతే స్వరం రెట్టింపు ఎత్తుకెళ్తుంది. కూత గొట్టాన్ని 17వ వంతు చేస్తే స్వరం 17 రెట్లు పైకి పోతుంది. పిట్ట కూసినట్టుంటుంది. కొందరు పొడుగు గొట్టం ఇంజన్ అడుగున దాస్తారు. అది కొంచెం బొంగురుగా కూస్తుంది, కానీ రెండు కూతలకే నా 150 మిల్లీలీటర్లలో ఆవిరి నీరసపడిపోతుంది. నేను చిన్న గొట్టమే ఉంచాను. పొద్దున్న ఆరున్నరకి అది కూస్తే పక్కింటావిడ తన కుక్కర్ అనుకుని స్టవ్ కట్టేస్తుంది.